నిన్న ఇచ్చిన సీస

లాక్‌డౌన్ ఎత్తేశాక సూరత్‌లో బట్ట నేసే సాంచెల కార్ఖానాలు మళ్లీ మొదలైన రోజులు. ఆ ఊరి సచిన్ పారిశ్రామిక వాడలో ఒక కిరాయి గది. పొద్దున పనికని వెళ్లిన మొగుడు అప్పుడే తిరిగొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏందయ్యా, గప్పుడే వచ్చినవ్?"

"సేట్ పనిలకు వద్దన్నడు. నిన్నటి మూత్ర పరీక్షల షుగర్ మస్తుగున్నదట. ప్రొటీన్ గూడ పోతున్నదట."

"అంటే ఏంది?"

"కిడ్నీలు ఖరాబైతున్నయట. ఇప్పుడిప్పుడే షురువైంది, షుగర్ కంట్రోల్ల పెట్టుకుంటే ఆగుతదన్నడు కార్ఖాన డాక్టర్."

"సీసల పోసిచ్చింది నేను గదయ్యా!"

ఆమె వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"షుగరున్నోళ్లకు కరోనా భయమని పనిలకు తీసుకోరు, నీదైతే సాఫుగుంటదని నువ్వే గద సీస తెచ్చి నా చేతిల పెట్టినవ్?"

"తొవ్వ పొడుగునా గదే సోంచాయించుకుంట వచ్చిన. ఊకె దూపైతుంది, దూపైతుంది అనుకుంట నీళ్లు తాగితివి. ఎండలకనుకున్న."

"డాక్టర్‌కు అసలు సంగతి చెప్పినవా?"

"చెప్తే పని పోదా?"

"ఇప్పుడు ఉన్నదా మరి?"

"జర ఊకో. రేపు దవాఖానకు పోదాం, నిన్ను చూపిస్త."

"నన్నొక్కదాన్నే గాదు. నువ్వు గూడ చూపించుకోవాలె."

"నాకేమైంది?"

"నాకు షుగరున్నదన్న సంగతే ఇయ్యాల ఎరుకైంది. నువ్వు పదేండ్ల సంది దాంతోని బతుకుతున్నవ్. లాక్‌డౌన్ల గోలీలు గూడ బందువెట్టినవ్. నా కిడ్నీలే గిట్లుంటే, నీ కిడ్నీలు ఎట్లున్నయో ఎవలు చూసిండ్రయ్యా?"