వీపు మీద పియానో

డెస్మండ్ కియో అబద్ధాలకోరు కాదని అతని భార్య నోరీన్ ఎవరితోనైనా వాదించగలదు. అబద్ధమాడేవాడికి నిజమేమిటో గుర్తుంటుంది. డెస్మండ్‌కి ఆ బరువు లేదు. ముప్ఫై ఏళ్ళు బోస్టన్‌లో ట్రాలీ బండి నడిపి, పట్టాలు దాటి ఒక్క అంగుళం పక్కకి పోలేకపోయిన మనిషి, రిటైరయ్యాక ఆ కసంతా మాటల్లో తీర్చుకుంటున్నాడు.

ఆ జూన్ ఆదివారం మధ్యాహ్నం ఆ ఊరి పేట డార్చెస్టర్‌లో వాళ్ళ మూడంతస్తుల చెక్క ఇంటి వసారాలో కొలువు తీరింది. రస్టీ పెటికోట్స్ అనే పాటల జట్టు కొత్త రికార్డు మీద అందరూ తలో మాటా చెప్పాలి. ఆ జట్టులో ఉన్నది ఇద్దరే. పియానోని పిడిగుద్దులు గుద్దుతూ పాడే ఆడమనిషి ఒకతె, డ్రమ్ములు బాదే మగమనిషి ఒకడు. మొహాలకి సున్నం కొట్టినట్టు తెల్లరంగు పూసుకుని, పాతకాలపు నాటక కంపెనీ వేషాలు కట్టి, లోకం మీది కోపాన్నంతా నవ్విస్తూ పాడతారు. ఈసారి వచ్చిన 'బాటమ్ డ్రాయర్' పాత రికార్డుల్లో చోటు దొరక్క సొరుగులో పడి ఉన్న పాటల మూట.

అభిప్రాయాలు రాసుకోవడానికి వచ్చిన పిల్ల పేరు హేడీ. చారల మేజోళ్ళు, ఒళ్ళో నోటు పుస్తకం. ఆ జట్టు అభిమానులు నెలనెలా వేసుకునే చిన్న పత్రికకి ఆమే సంపాదకురాలు, ఆమే విలేకరి. రెండో అంతస్తులో అద్దెకుండే మంగలి టియో ఇంకో కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ అమ్మానాన్నలు కేప్ వెర్డే దీవుల నుంచి వచ్చిన వాళ్ళు. మూడో కుర్చీ డెస్మండ్‌ది. నాలుగోది లేదు గనక నోరీన్ గుమ్మంలో నిలబడి పళ్ళాలు తుడుస్తోంది.

"మా అమ్మ మొక్కజొన్న గింజలతో కచూపా వండితే ఆ రాత్రి ఎవ్వరం మెచ్చుకోం," అన్నాడు టియో. "మిగిలింది మర్నాడు పొద్దున వేయించి పెడితే కొట్టుకు ఛస్తాం. ఇవి ఆ వేయించిన పాటలు. నాలుగో పాట వింటూ ఒకాయన మీసం సగం లేపేశాను. అంటే పాట బాగున్నట్టే."

"మూడో పాటకి నేను బస్సులో ఏడ్చాను," అంది హేడీ. "పక్కావిడ రుమాలు ఇచ్చి తనూ ఏడ్చింది. ఆవిడకి పాట వినపడనేలేదు." ఆమె నోరీన్ వైపు తిరిగింది. "మీకెలా అనిపించిందండీ?"

నోరీన్ నోరు తెరిచింది. మాట మాత్రం డెస్మండ్‌ది వచ్చింది.

"ఆవిడకేం తెలుసమ్మాయ్, చర్చి పాటలు తప్ప వినదు. చివరి పాట సంగతి నన్నడుగు."

అసలు హేడీ వచ్చిందే దానికోసం. చివరి పాట గురించి రికార్డు అట్ట మీద 'ఒక స్నేహితురాలి ఇంట్లో, మంచు కురిసిన రోజున' అని ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. ఆ ఇల్లు కియో వాళ్ళదని డోనట్ కొట్లో డెస్మండ్ నోటి నుంచే ఊరంతా పాకింది. ఆ పాట ఎలా పుట్టిందో వచ్చే నెల పత్రికలో పడుతుంది. అచ్చులో పడ్డాక ఇక అదే చరిత్ర.

నోరీన్‌కి గుండెలో ముల్లు గుచ్చుకున్నది అక్కడే. ఆ పాట మోగింది ముందుగదిలో ఉన్న వాళ్ళమ్మ పియానో మీద. పదకొండేళ్ళు పాదరీల కాలర్లు ఇస్త్రీ చేసి వాళ్ళమ్మ కొన్న పియానో అది. డెస్మండ్ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా అందులో ఆ పియానో ఉండదు, నోరీనూ ఉండదు. నాలుగేళ్ళుగా ఆమె నవ్వి ఊరుకుంది. అచ్చులో పడబోతుంటే మాత్రం నవ్వు రావడం లేదు.

డెస్మండ్ కాళ్ళు బార్లా చాపాడు.

"ఆ ఫిబ్రవరిలో మంచు మోకాళ్ళ దాకా పడింది. నా మోకాళ్ళు కాదు, గుర్రం మోకాళ్ళు. పొద్దున్నే లేచి కారుకి చోటు కోసం తవ్వడం మొదలెట్టానా, పార విరిగింది, విరిగితే మానతానా, సూప్ గరిటెతో తవ్వాను, గంటలో కారు పట్టేంత చోటు చేశాను. అంచులు చూస్తే ఉలితో చెక్కినట్టు. ఎదురింటివాళ్ళు ఫొటో తీసుకున్నారు. వంటింటి కుర్చీ తెచ్చి మధ్యలో పెట్టాను."

"కుర్చీ పెట్టాక ఇంకేం," అన్నాడు టియో. "పోయినేడు మా షాపు ముందు ఒకడు ఎవరిదో కుర్చీ తీసేసి కారు పెట్టాడు. పొద్దున్నకి కారు కనపడలేదు, దాని మీద మంచు గుట్ట ఉంది."

"అదీ సంగతి. ఈ ఊళ్ళో ఒకడు తవ్విన చోటులో కుర్చీ ఉంటే మేయరైనా చుట్టూ తిరిగి పోవాలి. అలాంటి కుర్చీని, అమ్మాయ్, రాసుకో, నేను నా చేతుల్తో తీసి పక్కన పెట్టాను. ఎందుకూ? వీధి చివర వీళ్ళ వ్యాను మంచులో కూరుకుపోయి ఉంది. పాడే పిల్ల మా మూడో అంతస్తులో రెండేళ్ళు ఉన్న పిల్లే కదా. 'డెస్, మేం పాట రికార్డు చేసుకునే హాల్లో కరెంటు పోయింది, వేళ్ళు నీలంగా అయిపోయాయి, నువ్వే దిక్కు' అంది. నేను వ్యాను వెనక భుజం ఆనించాను. ఒక్క తోపు. వచ్చి నా చోట్లో పడింది. లోపల ఉన్నవాళ్ళకి కదిలినట్టు కూడా తెలియలేదు."

నోరీన్ తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ తుడిచింది. ఆ రోజు డెస్మండ్ మధ్యాహ్నం దాకా డ్యూటీలో ఉన్నాడు.

"ఇంట్లోకొచ్చారు. డ్రమ్ములున్నాయి, టేపు పెట్టె ఉంది. పియానో ఏదీ? హాల్లో ఉండిపోయింది. అయిదు మైళ్ళు."

"మీ ముందుగదిలో ఒకటి ఉంది కదండీ?" అంది హేడీ. "వస్తూ చూశాను."

"అదా? అది మా అత్తగారి సామాను. కాలితో నొక్కే పెడల్ ఊడి పదేళ్ళయింది. పూలకుండీలు పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు."

పళ్ళెం మీద తిరుగుతున్న గుడ్డ ఆగిపోయింది. డెస్మండ్ చూడలేదు. అతనప్పటికే మంచులో అయిదు మైళ్ళ అవతల ఉన్నాడు.

"నడిచి వెళ్ళాను. పియానో వీపు మీద వేసుకున్నాను."

"పియానోనా?" అన్నాడు టియో.

"మరి పిల్లినా? కానీ ఆ చలికి తీగలు బిగుసుకుపోతాయి కదా, అందుకని నడుస్తూనే చేతులు వెనక్కి పెట్టి వాయిస్తూ వచ్చాను. దారిలో ట్రాలీ బండి ఆగిపోయి ఉంది, జనమంతా దిగి నా వెనక వరస కట్టారు, ఇద్దరు పోలీసులు టోపీలు తీశారు. సరే, తెచ్చి దింపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రమ్ములవాడి చేతులు గడ్డకట్టుకుపోయాయి. కర్ర పట్టుకోలేడు. నేనేం చేశాను? కుడిచేత్తో పొయ్యి మీద చేపల సూపు కలుపుతూ, ఎడంచేత్తో ఆ గరిటెకి జోడు గరిటె పెట్టి డ్రమ్ములు అందుకున్నాను."

"పొయ్యి వంటింట్లో, డ్రమ్ములు ముందుగదిలో. పెద్దాయనా, నీ ఎడంచెయ్యి ఎంత పొడుగు?" అన్నాడు టియో.

"అవసరమైనంత. నువ్వు ఆగరా. ఆ దెబ్బకి కప్పు మీది మంచంతా ఒక్కసారి జారింది. వీధి మొత్తం కరిగింది. రేవులో గడ్డకట్టిన నీళ్ళు ఫెళ్ళున పగిలాయి, ఆ సందుల్లోంచి సముద్రపు సీల్స్ పైకొచ్చి, పాకుతూ మన వీధికొచ్చి, ఇదిగో ఈ వసారా ముందు వరసగా నిలబడి చప్పట్లు కొట్టాయి. పాట మొదట్లో చిన్న చప్పుడు వినపడుతుంది చూశావా, అది వాటిదే."

"ఎన్నండీ?" అంది హేడీ. ఆమె చెయ్యి ఆగకుండా రాస్తోంది. ఆ పాటంటే ఆమెకి ఎంత ప్రాణమంటే, దాని కోసం సముద్రం లేచి వచ్చిందన్నా తక్కువే అనిపించింది.

"నలభై. ఒకటి మాత్రం ఆలస్యంగా వచ్చింది."

"దానికి కారు పెట్టుకోను చోటు దొరకలేదేమో," అన్నాడు టియో.

నోరీన్ పళ్ళెం కిందపెట్టి, కిటికీ గట్టు మీది పాటల పెట్టె దగ్గరికి నడిచింది.

"చివరి పాట పెడతాను డెస్. నీ గరిటె వినాలని ఉంది."

"పెట్టు, పెట్టు. అందరూ వినండి."

పాట మొదలైంది. పియానో నెమ్మదిగా, తడిసిన మెట్ల మీద నడిచినట్టు వచ్చింది. ఒక్కో స్వరం చాలాసేపు గాలిలో నిలబడి, ఇంకొకటి వచ్చాకే పోయింది. డెస్మండ్ వేలెత్తి "అదిగో గరిటె" అన్నాడు, "అదిగో సూపు పొంగింది" అన్నాడు. తర్వాత అతనూ ఊరుకున్నాడు. పాట అలాంటిది. ఆఖరి స్వరం ఆరిపోయాక పెట్టెలోంచి ఏమీ రాలేదు. ఆపడానికి టియో చెయ్యి చాపాడు.

ఆ చేతి మీద నోరీన్ తన తడి చెయ్యి వేసింది. "ఉండు."

శుక్రవారం గిన్నెలు తోముతూ ఆమె ఈ పాట విన్నది. చేతులకి సబ్బు ఉండబట్టి ఆపలేకపోయింది. అందరూ అయిపోయిందనుకుని కట్టేసే చోట ఇంకా అయిపోలేదని అలా తెలిసింది.

అర నిమిషం గడిచింది. పెట్టెలో ఒక తలుపు దడాలున తెరుచుకుంది. బూట్ల చప్పుడు. తర్వాత వసారాలో ఉన్న ప్రతివాడికీ బాగా తెలిసిన గొంతు, డార్చెస్టర్ అంతా దద్దరిల్లేలా:

"ఎవడు తీశాడు నా కుర్చీ? నోరీన్! పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు గంటసేపు తవ్వి చచ్చాను! ఎవడిదా వ్యాను?"

ఆ వెంటనే, పియానోకి మరీ దగ్గరగా, ఒక ఆడగొంతు: "నేనే తీశాను. అరవకుండా తలుపు వెయ్యి డెస్, నా చెయ్యి ఇంకా పియానోలో ఉంది."

జట్టువాళ్ళిద్దరూ నవ్వడం వినపడింది. రికార్డు అక్కడితో అయిపోయింది.

"నువ్వొచ్చేసరికి సీల్స్ వెళ్ళిపోయాయన్నమాట, పెద్దాయనా," అన్నాడు టియో.

హేడీ పెన్ను గాలిలో ఆగిపోయింది. "మీ చెయ్యి పియానోలో ఎందుకుందండీ?"

"పెడల్ ఊడింది కదమ్మా. అది లేకపోతే ఏ స్వరమూ నిలవదు, అప్పుడే చచ్చిపోతుంది. కింది పలక తీసి, నేను నేల మీద కూర్చుని, లోపలి కమ్మీని చేత్తో ఎత్తి పట్టుకున్నాను. ఆ పిల్ల మడమతో నన్ను తడితే ఎత్తాలి, రెండోసారి తడితే దించాలి. తొమ్మిదిసార్లు వాయించారు. రెండు రోజులు జడ వేసుకోలేకపోయాను. ఆ పియానో ఇక్కడిదే, ఎక్కడినుంచీ రాలేదు. మా అమ్మది. ఆవిడ పేరు వినిఫ్రెడ్. అది కూడా రాయి."

హేడీ సీల్స్ ఉన్న కాగితాన్ని మెల్లగా మడిచి పుస్తకం వెనక దాచుకుంది. పారెయ్యడానికి మనసొప్పలేదు కాబోలు. కొత్త కాగితం తిప్పి, పైన వినిఫ్రెడ్ అని రాసింది.

డెస్మండ్ మొహం చెవులదాకా ఎర్రబడింది. తన బూట్లని చాలాసేపు చూసుకున్నాడు. "అయితే రికార్డులో నా గొంతు ఉన్నమాట నిజమేగా," అన్నాడు. ఎవరూ కాదనలేదు. తర్వాత లేచి నిలబడ్డాడు. తను కూర్చున్న కుర్చీని, ఒక కోడు మీద మంచు కరగడానికి వీధిలో చల్లే ఉప్పు మరకలు ఇంకా పోని ఆ వంటింటి కుర్చీని, తీసుకొచ్చి నోరీన్ వెనక వేశాడు.

"కూర్చో," అన్నాడు. "నువ్వు తీసిన కుర్చీయే."

నోరీన్ కూర్చుంది. గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి," అంది హేడీ. "రికార్డు మీకెలా అనిపించింది?"

నోరీన్ డెస్మండ్ వైపు చూసింది. అతను నోరు గట్టిగా మూసుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె తొందరపడకుండా ఆలోచించుకుంది.

"పాటల సంగతి నాకంతగా తెలియదమ్మా," అంది. "పెడల్ మాత్రం ఎక్కడా తప్పలేదు."