స్టాండెక్కిస్తేనే తాళం

నడుం ఆపరేషనయ్యాక ఆయనిక బండి తోలకూడదన్నారు డాక్టర్లు. దాంతో భార్య లైసెన్సు తెచ్చుకుంది. కొండంత టూరింగ్ మోటారు సైకిల్ని సెంటర్ స్టాండెక్కిస్తేనే తాళమిస్తానని ఆయన షెడ్డులో స్టూలేసుకుని కూర్చున్నాడు.

“చేతులతో లాగకు. స్టాండు రెండు కాళ్లూ నేలకి ఆనాయా?”

“ఆనాయి.”

“కుడికాలు దాని మీద పెట్టి, మెట్టెక్కినట్టు బరువంతా వెయ్యి.”

బండి కిర్రుమని వెనక్కి జరిగి నిలబడింది. ఆవిడకే నమ్మబుద్ధి కాలేదు.

“ఇంతేనా? మరి ఇన్నేళ్లూ పళ్లు బిగించి, మూలుగుతూ ఎత్తేవారెందుకు?”

“నువ్వు గుమ్మంలో నిలబడి చూసేదానివిగా.”

“ఆ ప్రతాపానికే నడుం పోయింది. తాళం ఇటివ్వండి.”

“మరి నేనెక్కడ కూర్చోను?”

“ఇన్నేళ్లూ నేను కూర్చున్న చోటే. అక్కణ్ణించి రోడ్డు పెద్దగా కనపడదు. అలవాటవుతుంది లెండి.”