మనసెలా ఉందని అడిగే ఉద్యోగం

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులైన డైరెక్టరు గారికి, మేం తెచ్చిన జవాబులను గ్రాఫులుగా మార్చే గణాంక విభాగం పెద్దలకు, వెనక వరుసలో ఫ్యాను కింద చోటు సంపాదించిన మా సర్వే మిత్రులకు, నేనెంతసేపు మాట్లాడతానోనని అప్పుడే వాచీ చూసుకుంటున్న మా అల్లుడుగారికి నమస్కారం. (నవ్వులు)

ఇన్నేళ్లుగా మనం జనం మానసిక ఆరోగ్యాన్ని కొలుస్తున్నామని డైరెక్టరు గారు ఇందాక అన్నారు. పెద్ద మాట. నాకు తెలిసిందల్లా తలుపు తట్టి, "ఈమధ్య నిద్ర పడుతోందా, పని మీద మనసు నిలుస్తోందా" అని అడిగి, ఏ ఇబ్బందీ లేదంటే సున్నా, రోజూ ఉందంటే మూడు వేసుకోవడం. "చుట్టానివా పక్కానివా, నా నిద్రతో నీకేం పనమ్మా?" అని మొహం మీదే తలుపేసిన వాళ్లూ ఉన్నారు.

అత్తగారు పక్కనుంటే కోడలు, కోడలు పక్కనుంటే అత్తగారు, అన్నిటికీ సున్నాలే చెప్పేవారు. "మాకేం, నిక్షేపంలా ఉన్నాం!" అంత సుఖంగా ఉన్న ఇళ్లను చూసి నాకే కుళ్లు పుట్టేది. (నవ్వులు) అందుకే జంటగా వెళ్లేవాళ్లం. నేను ముందుగదిలో ప్రశ్నలు అడుగుతుంటే నా జోడీ రెండో ఆవిడను వంటింట్లోకి తీసుకెళ్లి కబుర్లలో పెట్టేది. అదుగో, తల దించుకుని నవ్వుతోందే, మా వదిన, ఆవిడే. వదిన కబుర్లలో పడితే పొయ్యి మీద పాలు పొంగినా తెలియదు. ఆ కాసేపట్లోనే ఇక్కడ సున్నా కాస్తా మూడయ్యేది.

మా ఆయన పోయాక నేను తొందరగానే పనిలోకి వచ్చేశాను. అడిగినవాళ్లందరికీ "బాగున్నాను" అన్నాను. డైరెక్టరు గారూ, నా గుండె నిబ్బరాన్ని మీరు మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

ఒక మధ్యాహ్నం బస్టాపులో ఏదో మాట్లాడుతూ వదిన ఉన్నట్టుండి "నిద్ర?" అంది. అలవాటు కొద్దీ "మూడు" అన్నాను. "ఆకలి?" "మూడు." "పని మీద ధ్యాస?" "రెండు." ఎలా ఉన్నావే అని అడిగితే అబద్ధం ఆడేదాన్నే. అంకె అడిగేసరికి నోరు నిజం చెప్పేసింది. మన చివరి ప్రశ్న ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు, చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని. దానికీ అంకె చెప్పాను.

వదిన ఏడవలేదు, ధైర్యమూ చెప్పలేదు. "ఇంత వస్తే మనమేం చేస్తాం మరదలా?" అంది.

"డాక్టరు దగ్గరికి పంపుతాం."

"మరి పద."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మందులు వేసుకున్నాను, మాట్లాడాను, నెమ్మదిగా తేరుకున్నాను. మా అమ్మాయికి ఈ సంగతి ఇవాళే తెలుస్తోంది. ఏడవకే తల్లీ, ఇప్పుడు బాగున్నాను, ఈసారి నిజంగానే.

కారణం అడక్కుండా సెలవు మంజూరు చేసిన డైరెక్టరు గారికి, నా కొక్కిరిబిక్కిరి అంకెలను భరించిన గణాంక విభాగానికి, తలుపు తీసినవాళ్లకు, తీసి వేసేసినవాళ్లకు కూడా నా కృతజ్ఞతలు. కొత్తగా చేరిన పిల్లలకు ఒక్క మాట: ఊరందరినీ అడిగి వచ్చాక, పక్కన నడిచే మనిషిని కూడా అడగండి.

వదినా, ఆ రోజు నువ్వు అడక్కపోతే ఈ పూలు ఇవాళ నా చేతికి ఇచ్చేవాళ్లు కాదు, నా ఫొటో ముందు పెట్టేవాళ్లు. నీ మేలు మరిచిపోను. అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.