రెండు వేళ్ళ మందం

షెడ్డులో, ఊరి పడవ నడిపే సరంగు కోసం చెక్కిన కొత్త దోనె బోర్లించి ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చున్న ఇద్దరిలో పెద్దవాడు దోనెలు చెక్కే మేస్త్రి. రెండోవాడు ఆయన చనిపోయిన చెల్లెలి భర్త. ఆమె పోయిన ఈ రెండేళ్ళుగా ఆయన దగ్గరే పని చేస్తున్నాడు.

“ఎవరి వేళ్ళు?”

“అంటే?”

“అడుగు మందం కొలతకి చీలలు రెండు వేళ్ళ పొడవు కొయ్యమన్నాను కదా. ఎవరి వేళ్ళతో కొలిచావు?”

“నా వేళ్ళతోనే. నీ చెయ్యి అరువు తెచ్చుకోవాలా బావా?”

“నవ్వించకు. ఇక్కడ కొట్టి చూడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు.”

“కొట్టాను.”

“ఏమంటోంది?”

“చెక్క ఏమంటుంది, చెక్కలాగే అంటుంది.”

“ఇప్పుడు ఇక్కడ. కూర్చునే పలక కింద. సరంగు కూర్చునే చోట.”

“అలాగే ఉంది.”

“అలాగే ఉందా? అక్కడ దుంగలా పలికింది, ఇక్కడ ఖాళీ కుండలా పలుకుతోంది. నీకు చెవుడు ఎప్పట్నుంచోయ్?”

“మానులో ఏదైనా తొర్ర ఉందేమో.”

“తొర్ర మానులో లేదు. ఇదిగో, మూతి దగ్గర ఊడబీకిన చీల. ఇది పలక కింద ఊడబీకినది. పక్కపక్కన పెట్టి చూడు.”

“కాస్త తేడా ఉంది.”

“కాస్తా? సగానికి సగం! బయటినుంచి చీల దిగ్గొట్టాక లోపల నేను గుడ్డివాణ్ణి. దాని నల్ల కొస కనబడేదాకా చెక్కుతాను, కనబడగానే ఆపుతాను. నీ చీలని నమ్మి చెక్కానోయ్.”

“పొరపాటు జరిగింది.”

“ముప్ఫై చీలల్లో పొట్టివి ఆరు. ఆ ఆరూ ఒక్కచోటే. పొరపాటు అంత పొందిగ్గా కూర్చుంటుందా?”

“ఎండ నీ మీదకొస్తోంది, కాస్త ఇటు జరుగు.”

“ఎండ సంగతి తర్వాత. సరంగు వచ్చే వేళయింది.”

“తెలుసు.”

“ఒక్క రాయికి ఒరుసుకుంటే చాలు, ఇక్కడ అడుగు ఊడిపోతుంది.”

“తెలుసు.”

“ఇది బరువు చెక్క. నీళ్ళు నిండితే ఆయన పాత పడవలా తేలదు. బండరాయిలా దిగిపోతుంది.”

“అన్నీ తెలుసు బావా. ఆయనకి ఈత రాదని కూడా తెలుసు.”

“సరంగుకా?”

“ముప్ఫై ఏళ్ళుగా ఊరందరినీ ఏరు దాటిస్తున్నాడు. మొలలోతు నీళ్ళు దాటి ఆయన దిగడం ఒక్కసారన్నా చూశావా?”

“ఓరి నీ... దండం పెట్టుకుని ఉలి పట్టిన పనిరా ఇది! ఆ రోజు గాలి తిరిగింది, ఆయన పడవ బోల్తాపడింది, చెల్లి పోయింది. నాకు మాత్రం బాధ లేదా? పైవాడు చూస్తాడులే అనుకుని దిగమింగాను.”

“చూస్తూనే ఉన్నాడు బావా. నా బాధా అదే.”

“అలా అనకు. తప్పు.”

“పోనీ, దీపం ముందు కూర్చున్నప్పుడు నువ్వే అడుగు. నీ మాటైతే వింటాడేమో.”

“పిచ్చిమాటలు కట్టిపెట్టు. సరంగుని నాలుగు రోజులాగమని చెబుతాను. లోపలినుంచి దళసరి చెక్క బిగించి తారు పూద్దాం. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండిపోతుంది.”

“ఆ రోజు నేను నీ చెల్లెల్ని ఒడ్డుకి తెచ్చేసరికి నువ్వింకా రాలేదు.”

“ఇప్పుడదెందుకు?”

“వచ్చాక, దాని కుడిచేతికి ఆ గుడ్డ ఏమిటని అడిగావు. తాడు ఒరుసుకుందన్నాను.”

“అన్నావు.”

“తాడు కాదు.”

“మరి?”

“నాలుగు వేళ్ళు. నాలుగూ కణుపుల దగ్గర నలిగిపోయి ఉన్నాయి.”

“ఏ రాయో తగిలి...”

“అవతలి ఒడ్డున గడ్డి కోసుకునేవాడు చూశాడు. బోల్తాపడ్డ పడవకి ఆ పక్క ఆయన, ఈ పక్క నీ చెల్లి. ఇద్దరి బరువుకీ పడవ కుంగిపోతోందట. తెడ్డు ఆయన చేతిలోనే ఉంది.”

“వద్దు. చెప్పకు.”

“మూడు దెబ్బలు. ‘అన్నయ్యా’ అని అరిచిందట. నిన్ను పిలిచిందో, ఆయన్ని బతిమాలుకుందో.”

“రెండేళ్ళు... రెండేళ్ళు నాకెందుకు చెప్పలేదు?”

“నీ చేతిలో ఎప్పుడూ ఉలి ఉంటుంది కనక.”

“ఆ చీల ఇలా ఇవ్వు.”

“ఏది?”

“పొట్టిది. సుత్తి కూడా.”

“ఎందుకు బావా?”

“బెజ్జం అలా వదిలేస్తే నీళ్ళు రావూ?”

“ఎలాగూ చెక్క బిగిస్తాం కదా. బావా, ఇటు చూడు. తిట్టు, కొట్టు, ఏమైనా అను. ఆ అడుగుని అలా నిమరకు.”

“తారు డబ్బా ఎక్కడ?”

“నీ వెనకాలే ఉంది. చెప్పేశాక నాకు బరువు దిగింది బావా. నువ్వన్నట్టే చేద్దాం. నిన్న ఆయన మనవరాలు వచ్చి ఇందులో కూర్చుని ‘తాతా, నా చోటెక్కడ?’ అంది. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వింటున్నావా? నాలుగు రోజులాగమని నేనే చెబుతాను.”

“మేస్త్రీ! ఉన్నావా? ఇదేమిటి, మా దోనె ఇంకా బోర్లా పడుకునే ఉంది, నిద్ర లేవలేదా?”

“లేచిందండీ. రండి సరంగు గారూ.”

“సరంగు గారూ, ఒక్క నాలుగు రోజులు...”

“నువ్వుండవోయ్, నేను మాట్లాడుతున్నాను కదా. మనవరాలు రాలేదాండీ?”

“దానికి జలుబు. ఇవాళ నేనొక్కణ్ణే అవతలికి వేసుకెళ్ళి చూస్తాను. ఏం, ఎందుకూ?”

“ఏం లేదు. ఊరికే అడిగాను.”

“బావా, వద్దు.”

“ఆ కొస పట్టుకో. వెల్లకిలా తిప్పుదాం.”

“అడుగు గట్టిగా ఉందా మేస్త్రీ? వేసవిలో రాళ్ళు పైకి తేలతాయి.”

“రెండు వేళ్ళ మందం సరంగు గారూ. నా వేళ్ళతో నేనే కొలిచాను.”