పట్టీ కింద రెండు వేళ్ల చోటు

1993 జూలై ఐదో తేదీ, సోమవారం ఉదయం మా వృద్ధుల సంరక్షణాలయంలో ఫిజియోథెరపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన మా మేడమ్ గారు, ముప్పైరెండేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాసే అవకాశం హెడ్ నర్సునైన నాకు దక్కింది.

వారు చేరిన కొత్తలో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలకు చెక్కబద్దలు, గుడ్డపీలికలే గతి. ఏడాది తిరగకముందే మేడమ్ గారు ఎవరి చేతి కొలతకు వారికి స్ప్లింటు, అంటే కీలును చాపి ఉంచే గట్టి తొడుగు, చేయించారు. ఎప్పుడు కట్టాలో, ఎప్పుడు విప్పాలో, విప్పినప్పుడు చర్మం ఎలా ఉందో రాసే పట్టికను ప్రతి మంచానికీ వేలాడదీయించారు. తొడుగును బిగించే పట్టీ కింద రెండు వేళ్లు దూరకపోతే ఎంతటివారినైనా నిలదీసేవారు. అందుకే చాటుగా వారిని ‘రెండువేళ్ల మేడమ్’ అనుకునేవాళ్లం. ఆ సంగతి వారికి తెలుసు. తెలియనట్టుండటం వారి పెద్దరికం.

2004లో వారికి సీనియర్‌గా పదోన్నతి లభించింది. ఆ ఏడాదే నేను నర్సుగా చేరాను. అప్పటి నా తప్పొకటి ఇక్కడ ఒప్పుకోక తప్పదు. పక్షవాతంతో మాట పడిపోయి, కుడిచేయి ముడుచుకుపోయిన మామ్మగారొకరు మా వార్డులో ఉండేవారు. ఒకప్పుడు దర్జీపని చేసినావిడ. కుడిచేయి గుడ్డను పట్టుకుంటే చాలు, ఎడమచేత్తో మళ్లీ కుడతానని సైగ చేసేవారు. పని తెమలడం లేదని ఒకరోజు నేను టీ తాగుతూ కూర్చున్నచోటే వార్డులోని ఎనిమిది మంచాల పట్టికల్లోనూ ‘చర్మం బాగుంది’ అని రాసేశాను.

మేడమ్ గారు వచ్చి మామ్మగారి పట్టీ విప్పారు. మణికట్టు మీద ఎర్రటి గాడి. వేలితో నొక్కినా ఆ ఎరుపు చెదరలేదు. ఇంకొక్క పూట గడిస్తే పుండయ్యేది.

“ఆవిడ మాట్లాడలేరు. ఆవిడ తరఫున మాట్లాడాల్సింది ఈ కాగితమే. దానిచేత కూడా అబద్ధం ఆడించావా, అమ్మాయ్?” అన్నారు, గొంతు పెంచకుండానే.

నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత నా చేతికే ఒక స్ప్లింటు బిగించారు.

“గంటసేపు ఉంచుకో. మామ్మగారిలాగే నోరెత్తకూడదు సుమా!”

నేను పావుగంటకే నోరెత్తాను.

ఎరుపు తగ్గేదాకా మామ్మగారికి తొడుగు మాన్పించి, దాని అంచు సరిచేయించి, మెత్త వేయించి, అరగంటతో మొదలుపెట్టి మెల్లమెల్లగా సమయం పెంచారు. నాలుగు నెలలకు ఆ గుప్పిట కాస్త విడింది. మామ్మగారు నన్ను పిలిచి, నా కోటుకు ఊడిన బొత్తం కుట్టిపెట్టారు. అది వంకరగా ఉంది. ఇప్పటికీ ఊడలేదు.

2015లో విభాగాధిపతి అయ్యాక కూడా వారు కుర్చీకి అతుక్కుపోలేదు. కొత్తగా చేరిన ప్రతివారి చేతికీ స్ప్లింటు కట్టి గంటసేపు కూర్చోబెట్టిన తర్వాతే వార్డులోకి పంపారు. ఇక ఇంట్లో కూడా పట్టికలు వేలాడదీస్తారేమోనని వారి భర్త సారుగారు ఇప్పటినుంచే బెంగపడుతున్నారట.

మేడమ్, మీరు వెళ్లిపోతుంటే నాకు దిగులుగా ఉంది. అయినా ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు ఎనిమిది మంచాల దగ్గరా పట్టీలు విప్పి చూసే వచ్చాను. మీరు నిండు ఆరోగ్యంతో, నిశ్చింతగా నూరేళ్లు ఉండండి.