పొమ్మంటే పోయే పురుగులు

"అసలు ఒక్కటేరా. ఒక్కటంటే ఒక్క పురుగు," అన్నాడు చెంచయ్య, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "బియ్యం డబ్బా మూత తీశానా, అంచు మీద నల్లగా కూర్చునుంది. ముక్కుపురుగు. రెండు వేళ్ళతో పట్టుకుని బయట పారేశా. అయిపోయింది. ఆ మాత్రానికి మా వీధి ఆడవాళ్ళు ఊరంతా టాంటాం వేశారు, చెంచయ్య ఇంట్లో బియ్యం మొత్తం పురుగు పట్టిందని!"

ఆయన ఈ మాట చెబుతున్నది ప్రత్తిపాడు సెంటర్లో, గౌస్ బాషా టీ కొట్టు ముందు, పొద్దున తొమ్మిదింటికి. చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఆయనకుంది. గౌస్ బాషా కూతురు సమీరా పెళ్ళి వచ్చే ఆదివారం. నెల కిందట ఇదే బల్ల మీద కూర్చుని, మేం పాతికమందిమి వింటుండగా, "పలావుకి బియ్యం నావి. రెండేళ్ళ పాత బియ్యం, నాలుగు బస్తాలు. నువ్వు గింజ కొంటే ఒట్టు" అని చెంచయ్య మాటిచ్చేశాడు. బాషా నమ్మి ఇంకెక్కడా బియ్యం చెప్పలేదు. నాలుగొందల మంది భోజనం. తీరా ఇప్పుడీ పురుగుల కబురు. అందుకని ఆవేళ పొద్దున్నే చెంచయ్యే ఒక సంచీడు బియ్యం తెచ్చి, "నువ్వే చూసుకోమ్మా" అని బాషా భార్య సిద్దికా చేతిలో పెట్టాడు. ఆవిడ కొట్టు పక్కన ఎండలో పీట వేసుకుని, చేట ముందు పెట్టుకుని కూర్చుంది. చూసుకోమని అన్నాడే గానీ, ఆవిడ నిజంగా చూస్తుందని ఆయన అనుకున్నట్టు లేదు.

"ఒక్కటే అయితే మీ ఆవిడ పుట్టింటికి పోతానని ఎందుకందిరా?" అన్నాడు బుల్లయ్య. వాళ్ళిద్దరివీ పక్కపక్క పొలాలు. చిన్నప్పటి నుంచీ ఏరా అంటే ఏరా అనుకునేవాళ్ళు.

"ఉండెహె, అక్కడికే వస్తన్నా. ఒకదాన్ని పారేశానా, తెల్లారి మూత తీద్దును గదా, దాని చుట్టాలంతా పరామర్శకి దిగారు. వచ్చినోళ్ళు ఊరికే పోతారా? డబ్బాలో పట్టక కందిపప్పులోకి, కందిపప్పులో పట్టక గోధుమపిండిలోకి, అక్కడా చోటు లేక ఉప్మారవ్వలోకి. మా ఆవిడ వెంకటరావమ్మ మూకుట్లో రవ్వ పోస్తే, సగం రవ్వ మూకుడు దిగి వెళ్ళిపోయింది. దాంతో భయపడి చీరలు సర్దుకుంది. నేనన్నా, 'పిచ్చిదానా, నలభై ఏళ్ళు పత్తిలో పురుగుతో పోరాడినోణ్ణి, ఇవొక లెక్కా నాకు?' అని."

"ఆ పోరాటంలో గెలిచింది పురుగేగా."

"అది చేను సంగతి, ఇది వంటిల్లు సంగతి. రెండూ కలపమాక. ముందు వేపాకు వేశా. అందరూ వేసేదే, బస్తాకి రెండు మండలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాటికి ఒంట్లో ఏవో చిన్నాచితకా జబ్బులున్నయ్యంట, ఆ వేపాకు తిని అయ్యన్నీ నయమైపోయినయ్. నిగనిగలాడతా తిరుగుతున్నయ్. ఇట్టా కాదని ఎండుమిరపకాయలేశా. మామూలువి కాదు, మా చేలో తేజ కాయ. ముట్టుకుంటే రెండ్రోజులు చెయ్యి మండుద్ది. వేసి, తలుపు దగ్గరేసి బయట కూర్చున్నా. లోపల్నుంచి ఒకటే స్స్... స్స్... అని చప్పుడు. పీడా పోయింది అనుకుని తలుపు తీస్తే, అన్నీ పెరుగు గిన్నె చుట్టూ కూర్చునున్నయ్."

పక్కన టీ తాగుతున్నాయనకి పొలమారింది. ఎవరో నెత్తి మీద తట్టారు. ఎండలో చేట చప్పుడు మాత్రం ఆగలేదు. చెంచయ్య ఓరగా అటు చూసి గొంతు పెంచాడు.

"దాంతో నాకు తిక్క రేగింది. బస్తాలన్నీ ట్రాక్టరుకెత్తి గుంటూరు తోలుకుపోయి, మిర్చి బస్తాలు దాచే ఏసీ గోడౌన్లో పెట్టించా. చలికి చస్తయ్ గదా అని. మూడోరోజు వాచ్‌మన్ ఫోను. 'చెంచయ్య గారూ, మీ బస్తాలు వణుకుతున్నాయండీ, ఏం చెయ్యమంటారు?' అని. నేను పోయేసరికి వణుకు ఆగిపోయింది. ఎందుకాగిందో తెలుసా? ఆ పక్కనే జిన్నింగు మిల్లుంది. వాచ్‌మన్ క్యారియర్ విప్పి అన్నం తినేలోపు ఇవన్నీ పోయి, దూది తెచ్చుకుని, ఒక్కోటి ఒక్కో బొంత కుట్టుకుని ముసుగుతన్ని పడుకున్నయ్. ఇంతింత బొంతలురా! ముసలివాటికి తలగడలు కూడానూ."

"బొంతకి గుడ్డెక్కడిదిరా?"

"చీరాల నేత. అంచు చూసి గుర్తుపట్టా."

గౌస్ బాషా పాలగిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. నాలుగు రోజులుగా ఆ మనిషికి సరిగా నిద్రలేదని చూస్తేనే తెలుస్తోంది. "చెంచయ్య గారూ, అవన్నీ సరేనండీ. ఇంతకీ మన బియ్యం సంగతి..."

"చెప్తన్నాగా బాషా, కంగారు పడమాక. ఇంటికి తిరిగి తెచ్చేశా. ఇక బలంతో పని కాదు, మాటతోనే పని అనుకున్నా. బస్తాల ముందు కుర్చీ వేసుక్కూర్చుని, 'మీలో పెద్దమనిషి ఎవరు?' అనడిగా. ఒకటి బస్తా దిగి ముందుకొచ్చింది. మీసాలున్నయ్. 'చూడయ్యా,' అన్నా, 'ఈ బియ్యం నేను తినేవి కాదు. మా బాషా కూతురి పెళ్ళివి. ఆ పిల్ల వాళ్ళ కొట్టు బల్ల కింద పాకినప్పటి నుంచి నేనెరుగుదును. నా పంచె అంచు పట్టుకునే మొదటిసారి లేచి నిలబడింది. దాని పెళ్ళిలో పలావు పాడైతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?' అన్నా."

ఆ మాట చెబుతూ ఆయన తన పంచె అంచు తడుముకున్నాడు. అది కోత కాదని మాకందరికీ తెలిసింది. బుల్లయ్య టీ గ్లాసు కింద పెట్టి, "పురుగు ఏడ్చిందా?" అన్నాడు.

"ఏడవదూ? ముక్కు తుడుచుకుంది. అంత ముక్కు తుడుచుకునేసరికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను లేచి నిలబడి, వీధి వైపు చెయ్యి చూపించి, 'పొండి' అన్నా. అంతే, ఒక్కటే మాట. బస్తాల్లోంచి, డబ్బాల్లోంచి దిగి లైను కట్టినయ్. వంటింట్లోంచి వసారా, వసారాలోంచి వీధి, వీధిలోంచి మెయిన్ రోడ్డు. ముందుది అద్దంకి చేరిందని మా తోడల్లుడు ఫోన్ చేసేసరికి, చివరిది ఇంకా మా గడప దాటలా. దారిలో బస్సులన్నీ ఆగిపోయినయ్. నడవలేని ముసలివాటికి నేనే ఆటో మాట్లాడి పంపించా. ఇప్పుడు మా ఇంట్లో వెతికినా ఒక్క పురుగు లేదు. అంతెందుకు, ఇప్పటికీ నా మాటంటే వాటికంత గురి. ఎవరింట్లో పురుగైనా సరే, నేను పొమ్మన్నానంటే మారుమాట లేకుండా పోవాల్సిందే."

చేట చప్పుడు ఆగింది.

సిద్దికా లేచి, కొంగు సర్దుకుని, చేట తెచ్చి బల్ల మీద ఆయన ముందు పెట్టింది. ఒక పక్క తెల్లగా బియ్యం. ఇంకో పక్క నల్లగా, ఒకదాని వెనక ఒకటి, చేట అంచు వైపు నడుస్తూ ముక్కుపురుగులు. ఎవరం లెక్కపెట్టలేదు. గౌస్ బాషా వాటిని చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

చెంచయ్య వంగి చూశాడు. "ఇవి మావి కాదమ్మా. మావి అద్దంకిలో ఉన్నయ్."

"పొద్దున మీరు తెచ్చిచ్చిన సంచిలోవే అన్నయ్యా," అంది సిద్దికా. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఆయనకి మరీ ఇబ్బందైంది. "మీ మాటంటే గురి అన్నారుగా. పొమ్మనండి."

పొయ్యి మీద టీ పొంగిపోతున్నా బాషా చూడలేదు. అందరం చెంచయ్య నోరే చూస్తున్నాం. ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. చివరికి చేట మీదికి వంగి, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా, "పొండి" అన్నాడు.

సగం పురుగులు బియ్యంలోకి దూరాయి. ఒకటి మాత్రం ముక్కు ఊపుకుంటూ వచ్చి ఆయన వేలెక్కింది.

ఇక చూసుకోండి నవ్వులు. బుల్లయ్య బల్ల మీద చరుస్తూ నవ్వాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. నవ్వనిది సిద్దికా ఒక్కతే.

"బియ్యం మంచివే అన్నయ్యా. రెండేళ్ళవైనా గింజ నిక్షేపంలా ఉంది. పురుగొక్కటే. ఆదివారానికి ఇంకా నాలుగు రోజుల ఎండుంది," అంది. చేటలోవి సంచిలో పోసి ఆ సంచి, ఖాళీ చేట రెండూ ఆయన చేతిలో పెట్టింది. "వదినకివ్వడానికి కాదు. మీకే."

చెంచయ్య చేట చంకలో పెట్టుకుని, సంచి పుచ్చుకుని రోడ్డు దాటాడు. వెనక నుంచి బుల్లయ్య కేకేశాడు.

"ఏరా చెంచయ్యా, ఆ తర్వాత ఏమవుద్దో తెలుసా?"

ఆయన వెనక్కి తిరగలేదు.

"తెలుసురా. నాలుగు బస్తాలు చెరగాలి."