పడితే యాభై ఆరు

నేపుల్స్‌లోని పుస్తకాల వీధిలో, నిచ్చెన మీంచి పడ్డ ముసలి దుకాణదారు తలకు ఆయన భార్య తడిగుడ్డ అద్దుతోంది.

"మూడొందల యాభై ఏళ్ల కిందట మన వీధి తత్వవేత్త కూడా ఇలాగే నిచ్చెన మీంచి పడ్డాడే. తల పగిలాకే అంత గొప్పవాడయ్యాడు."

"అప్పటికి ఆయనకి ఏడేళ్లు. మీకు డెబ్బై. ఇంక తెలివెప్పుడొస్తుంది?"

"అది సరే, నేను పడగానే ఎక్కడికి పరిగెత్తావ్?"

"లాటరీ కొట్టుకి. మన ఊరి లాటరీ లెక్కలో ఎవరైనా పడితే యాభై ఆరు కదా, ఆ నంబరు మీద డబ్బు కట్టొచ్చాను."

"నేను బతికున్నానో లేదో చూడకుండానే?"

"చూడ్డమెందుకు? మీ తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి."

"ఎందుకైనా మంచిది, చావు నంబరు నలభై ఏడు కూడా కట్టాల్సింది."

"కొట్టువాడూ అదే అన్నాడు."

"కట్టావా?"

"నోరైతే తెరిచాను. ఆ నంబరు నా నోటంట రాలేదండీ. తల కదపకండి."